రెండో పళ్లెంలో చేప

“నాలుగింటికి విమానం,” అన్నాడు శేర్కో. “ఎక్కడికో తెలీదు.”

“అడగలేదా?”

“అడిగా. చెప్పకూడదంట. నా గోప్యత కాపాడాలంట.”

“ఎవర్నించి?”

“అదీ అడిగా. అదీ చెప్పకూడదంట.”

సార్జెంట్ పొమాట్‌కి నవ్వు రాలేదు. శేర్కోకి వచ్చింది. నవ్వి, దగ్గి, గోడకి చేరగిలబడ్డాడు. ఒంటరి గదిలో ఒక పరుపు, ఒక బకెట్టు. కిటికీ లేదు.

శేర్కో కుర్దు. తమ్ముడు రెబ్వార్‌తో పడవెక్కి ఆస్ట్రేలియా పోబోయి ఈ లొంబాన్ దీవి నిర్బంధ శిబిరం కంచెలో పడ్డాడు. పడి ఆరేళ్లయింది. తమ్ముడు పోయి నెలయింది. ఆస్పత్రి గదిలో, కిటికీ పక్క మంచం మీద, తెల్లవారుజామున నిద్రలో గుండె ఆగి పోయాడని కాన్‌బెర్రాలోని వలసల శాఖ మాట. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి ఆస్ట్రేలియా నుంచి ఒక రిటైరైన జడ్జి వచ్చింది. దీవి తెలిసినవాడు కావాలని ఇక్కడి పాత పోలీసు పొమాట్‌ని పెట్టుకుంది. విచారణకి ఇవాళే ఆఖరు.

“మళ్లీ చెప్పు. ఏం విన్నావ్?”

“వాడి గొంతు. జెట్టీ వైపు నుంచి. మా అమ్మ నన్ను పిలిచే పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు ఈ దీవిలో ఇంకెవడికీ తెలీదు.”

“ఎప్పుడు?”

“రాత్రి భోజనం గంట కొట్టాక.”

“వాళ్లు తెల్లవారుజామున అంటున్నారు.”

“అందుకే నాకు పిచ్చి అంటున్నారు. పిచ్చోడి మాట కోర్టులో చెల్లదు కదా పెద్దాయనా. తలుపేశారు. ఇవాళ పంపించేస్తే విన్నవాడే ఉండడు.”

“నేను వెతుకుతా. నాలుగు లోపల వస్తా.”

“వస్తావా?”

“చెప్పాగా.”

శేర్కో అతని చెయ్యి పట్టుకున్నాడు. వదలడానికి కొంచెంసేపు పట్టింది.

బయట తాటాకు నీడలో బెంచీ. దాని మీద కపావ్ కూర్చుని వక్క కొరుకుతున్నాడు. శిబిరం నడిపే కంపెనీకి గార్డు. గది తాళంచెవి అతని మెళ్లో వేలాడుతోంది. పొమాట్‌కి మేనత్త కొడుకు.

“ఏం బావా, ముసలాడివయ్యావు, పోలీసు దురద మాత్రం పోలేదే?”

“నీకు కంపెనీ బూట్లు బాగా అతికాయి. లోపల కాళ్లు మాత్రం మీ అమ్మవే. బాతు కాళ్లు.”

“మా అమ్మ నీకు అత్త. నోరు జాగర్త.”

పొమాట్ పక్కన కూర్చున్నాడు. వక్క ముక్క అందుకున్నాడు. సున్నం అద్దుకున్నాడు.

“రెబ్వార్ ఎక్కడ పోయాడు?”

కపావ్ ఎర్రగా ఉమ్మాడు. “వానొచ్చేట్టుంది.”

“కపావ్.”

“సంతకం పెట్టా బావా. ఈ కంచె లోపల చూసింది బయట చెప్తే రెండేళ్లు. పెళ్లానికి చెప్పినా రెండేళ్లు. మొన్న నిద్దట్లో ఏదో కలవరించానంట. మా ఆవిడ దిండు పెట్టి నోరు మూసింది. నాకు ఊపిరాడక చచ్చా.”

“తల ఊపు. చాలు.”

“తల ఊపినా రెండేళ్లే. కనుక్కున్నా.”

అతను ఎటు చూడకూడదో అటు చూడకుండా జాగర్త పడుతున్నాడు. పడవలు ఆగే జెట్టీ అతని ఎడం వైపు ఉంది. మాట్లాడినంతసేపూ మెడ కుడి వైపే ఉంది. పొమాట్ అది గమనించాడు. కానీ మెడ నొప్పి అంటే ఎవరు కాదనగలరు?

“వీణ్ణి జాగర్తగా చూసుకో,” అన్నాడు లేస్తూ.

“నా మెళ్లో తాళం ఉన్నంతసేపు దోమ కూడా దూరదు. పో.”

ఆస్పత్రి గుమ్మంలోనే ఫాన్‌షా ఎదురయ్యాడు. శాఖ తరఫు లాయరు. కోపం వచ్చినా గొంతు పెరగదు. చంకలో నల్ల ఫైలు.

“మీరడిగిన నివేదిక సార్జెంట్. మాకు దాచేదేం లేదు.”

పొమాట్ తిరగేశాడు. ప్రతి పేజీకీ కాటుక పూసినట్టుంది. వరసకి వరస నల్ల గీతలు.

“ఇందులో కనపడే మాట ఒకటే ఉంది. ‘మరియు’.”

“ఆ మాట మీద మాకు అభ్యంతరం లేదు.”

“గీతల కింద ఏముంది?”

“గీతల కింద ఏముందో చెబితే గీతలెందుకు? మంత్రిగారు సంతకం పెట్టారు. దేశ భద్రత. ప్రజా ప్రయోజనం.”

“చచ్చినవాడు ప్రజల్లోకి రాడా?”

“అతను మా ప్రజల్లోకి రాడు,” అన్నాడు ఫాన్‌షా మెత్తగా. “మీ ప్రజల్లోకీ రాడు. మీరెందుకు ఇంత ఎండలో తిరుగుతున్నారో నాకు నిజంగా అర్థం కావడం లేదు. ఎవరూ నోరు విప్పరు. విప్పితే జైలు. మీ చుట్టాలే ఎక్కువ ఇక్కడ. వాళ్లని జైల్లో పెట్టించి వెళ్తారా?”

ఆ దెబ్బ తగిలింది. పొమాట్ లోపలికి నడిచాడు.

గదిలో నాలుగు మంచాలు. ఏసీ చల్లగా ఉంది. కిటికీ పక్క మంచం గోడకి బిగించి ఉంది. తీసి మార్చిన మంచం కాదు. మరలు తుప్పు పట్టి ఉన్నాయి. వాటి మీద వేసిన రంగు చెదరలేదు.

ఆ మంచం మీద పీవెన్ అత్త పడుకుని ఉంది.

ఊడ్చే మనిషి. చీపురు గోడకి ఆనించి, కాళ్లు చాపుకుని, నోట్లో వక్క దవడకి పెట్టుకుని హాయిగా గురక పెడుతోంది.

పొమాట్ గుమ్మంలో నిలబడిపోయాడు. చాలాసేపు ఆమెనే చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. “నువ్వా! మేనేజర్ అనుకుని గుండె జారింది. ఎండ చంపుతోందయ్యా. ఈ మంచానికే గాలి బాగా తగుల్తుంది. రోజూ ఒక కునుకు తీస్తా. చెప్పకు.”

“రోజూనా? ఎన్నాళ్ల నుంచి?”

“ఏసీ పెట్టిన కాడి నుంచి.”

“ఈ నెలంతా కూడా?”

“ఈ నెల ఎండ తగ్గిందా ఏం?”

“మొన్న దీని మీదే కదా అత్తా ఆ కుర్రాడు పోయింది?”

“ఎవడన్నాడు?” అంది పీవెన్. అనేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్లు గుండ్రంగా అయ్యాయి. వేళ్ల మధ్య నుంచి గొణిగింది. “నేనేం చెప్పలేదు. నేనూ వేలిముద్ర వేశా.”

“నువ్వేం చెప్పలేదు. పడుకున్నావు, అంతే. పడుకోకూడదని వాళ్ల కాగితంలో లేదు.”

లొంబాన్ దీవిలో చావు పడిన చోట ఎవరూ కూర్చోరు. పెద్ద భోజనాలు పెట్టి ఆ చోటు విడిపించేదాకా అక్కడి నీళ్లు తాగరు, అక్కడ దొరికింది తినరు, ఆ నేల మీద చెప్పు పెట్టరు. అడ్డంగా కొబ్బరిమట్ట కట్టి ఊరికి తెలియజేస్తారు. పీవెన్ లాంటి మనిషి చావు మంచం మీద గురక పెట్టిందంటే అది చావు మంచం కాదు.

అయితే మట్ట ఎక్కడ కట్టారు? దీవంతా తిరిగినా పొమాట్‌కి ఒక్క మట్ట కనపడలేదు. ఆలోచిస్తే తెలిసింది. మట్ట కడితే చెప్పినట్టే. చెప్తే రెండేళ్లు. కట్టాల్సిన చేతులు కట్టలేకపోయాయి.

చేతులు కట్టేశారు. మరి కడుపులు?

అతను వంటశాల వెనక్కి నడిచాడు. అక్కడ చెత్తకుప్ప. కుప్ప నిండా డబ్బాలు. పైవేవో దేశాల్లో పట్టి డబ్బాల్లో నింపిన చేప. చుట్టూ సముద్రం పెట్టుకుని డబ్బా చేప తింటున్నారు ఇక్కడ. కుప్ప అడుగున మాత్రం డబ్బాలు లేవు. అడుగున చేప ముళ్లున్నాయి.

వంటమనిషిని పిలిచాడు. “ముందు చేప ఎక్కణ్నించి వచ్చేది?”

“జెట్టీ కింద. గంపలకి గంపలు.”

“ఇప్పుడు?”

వంటమనిషి గరిటె వైపు చూశాడు. “ఇప్పుడు పడట్లేదు.”

పొమాట్ జెట్టీ మీదికి వెళ్లాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గార్డులు ఇద్దరు సరదాకి గాలాలేసి కూర్చున్నారు. బకెట్లో చేపలు ఎగురుతున్నాయి. చెయ్యంత లావు చేపలు.

“మీ వాళ్లకి బద్ధకం తాతా,” అన్నాడు ఒకడు. “ఇన్ని ఉన్నాయా, ఒక్కడూ గాలం వెయ్యడు. కావాలా నీకు?”

“ఇవ్వు బాబూ,” అన్నాడు పొమాట్. “చాలా కావాలి.”

మధ్యాహ్నం భోజనాల గదిలో విచారణ జరిపే జస్టిస్ ఐలీన్ ట్రెంబాత్ బల్ల మధ్యలో కూర్చుంది. సన్నగా, పొట్టిగా ఉంటుంది. కొంచెం చెముడు. దీవి గార్డులందరినీ భోజనానికి పిలవమని పొమాట్ జెట్టీ నుంచి రాగానే అడిగాడు. ఎందుకని ఆమె అడగలేదు.

అందరూ వచ్చారు. కపావ్ రాలేదు.

పొమాట్ ఒంటరి గది దగ్గరికి మనిషిని పంపాడు. తాళం వదిలి రాలేనన్నాడని ఆ మనిషి తిరిగొచ్చాడు.

“తాళం ఎవరికన్నా ఇచ్చి రమ్మను,” అన్నాడు పొమాట్. “అన్నం తినేంతసేపేగా.”

కపావ్ వచ్చాడు. మెడ బోసిగా ఉంది.

వంటమనిషి రెండు పెద్ద పళ్లేలు తెచ్చి పెట్టాడు. రెంటిలోనూ ఒకే రకం చేప. ఒకే మంట మీద కాల్చింది. పక్కన సగ్గు రొట్టెలు.

పొమాట్ లేచి నిలబడ్డాడు. “మొదటి పళ్లెంలోది ఉత్తరం రేవు చేప. మా మేనల్లుడు పట్టాడు. రెండో పళ్లెంలోది ఇక్కడిదే. జెట్టీ కింద పట్టింది. తినండి.”

ఫాన్‌షా రెండో పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు. “అద్భుతం,” అన్నాడు. ఒకటి తిని ఇంకొకటి తీసుకున్నాడు.

దీవి గార్డులు మొదటి పళ్లెం ఖాళీ చేశారు. ముళ్లు కూడా చీకారు. రెండో పళ్లెం వాళ్ల ముందుకి వచ్చింది. మొదటివాడు పక్కకి జరిపాడు. పక్కవాడు ఆ పక్కకి. పళ్లెం బల్ల చివరిదాకా పోయింది. ఎవరి చెయ్యీ అందులోకి పోలేదు. ఇంకా ఆకలిగా ఉన్నవాళ్లు ఉత్త సగ్గు రొట్టె నమిలారు.

కపావ్ ముందు పళ్లెం ఆగింది. అతను తల దించుకుని కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

“మీరు తినరా సార్జెంట్?” అంది జడ్జి.

“నాకు ఎవరూ ఏం చెప్పలేదు మేడమ్. రూలు ప్రకారం తినొచ్చు,” అన్నాడు పొమాట్. “ముద్ద దిగట్లేదు.”

అప్పుడు ఆమెకి ఆచారం చెప్పాడు. ముందు ఆస్పత్రి మంచం, పీవెన్ కునుకు. తర్వాత డబ్బాలు. తర్వాత ఈ పళ్లెం. నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు.

ఫాన్‌షా నోరు తుడుచుకున్నాడు. “కథ బాగుంది. కొందరు చేప తినలేదు. ఇది సాక్ష్యమా?”

“ఒకడు తినకపోతే అజీర్ణం,” అన్నాడు పొమాట్. “అందరూ తినకపోతే చావు.”

“వాళ్లు ఎందుకు తినలేదో చెప్పడానికి వీల్లేదు. చెబితే అది గోప్య సమాచారం బయటపెట్టడం అవుతుంది. మేడమ్, ఈ భోజనాన్ని కూడా గోప్యం కింద చేర్చాలని కోరుతున్నాను.”

“భోజనాన్నా?”

“అవును మేడమ్.”

“మీరూ తిన్నారు కదా మిస్టర్ ఫాన్‌షా. రెండు తిన్నారు,” అంది జడ్జి. “మంత్రిగారి కాగితం నోటికీ, ఫైళ్లకీ. పళ్లేనికి కాదు. వాళ్లని నేనేం అడగను. వాళ్లేం చెప్పలేదు. నేను చూసింది నేను రాసుకుంటా. ఆ అబ్బాయి ఆస్పత్రిలో పోలేదు. శేర్కో విన్నది పిచ్చి కాదు. అతన్ని ఈ దీవి దాటించడానికి వీల్లేదు. ఇప్పుడే నా ముందుకి తీసుకురండి.”

ఫాన్‌షా నల్ల ఫైలు చంకలో పెట్టుకున్నాడు.

పొమాట్ గోడ గడియారం చూశాడు. నాలుగుకి ఇంకా చాలా ఉంది. మాట నిలబెట్టుకున్నాననుకున్నాడు. అప్పుడు బల్ల చివర చూశాడు. శిబిరం మేనేజర్ రూర్క్ కుర్చీ ఖాళీగా ఉంది. పళ్లెం శుభ్రంగా ఉంది. ఆ మనిషి అసలు భోజనానికే రాలేదు.

కపావ్ కూడా లేడు. జడ్జి మాట్లాడుతుండగానే తన కాపలాకి పోయాడు.

“ఆ తాళం ఎవరికిచ్చాడు?” అని పొమాట్ పక్కవాణ్ణి అడిగాడు.

“మేనేజర్ గారే వచ్చి తీసుకున్నారంట. ‘నువ్వు పోయి తిను, నేను చూస్తా’ అన్నారంట.”

పొమాట్ పరుగు లాంటి నడక అందుకున్నాడు. వెనకే ఫాన్‌షా. ఆ వెనక జడ్జి, చేతికర్ర ఊనుకుంటూ.

“తొందరెందుకు?” అంటున్నాడు ఫాన్‌షా. “మీరు గెలిచారు. మీ సాక్షి మీకు దక్కుతాడు. నేను అప్పీలుకి వెళ్తాను. అది వేరే...”

ఒంటరి గది కనపడింది. తాటాకు నీడలో బెంచీ ఖాళీగా ఉంది.

కపావ్ ఎండలో నిలబడి ఉన్నాడు. నెత్తి మీద టోపీ లేదు. బూట్లు రెండూ చేతిలో ఉన్నాయి. కాలే ఇసక మీద ఒట్టి కాళ్లు.

“కూర్చోవయ్యా,” అన్నాడు ఫాన్‌షా వగరుస్తూ. “బెంచీ ఉందిగా, ఎండలో ఎందు...”

మాట మధ్యలో ఆగిపోయింది. అతను బెంచీ వైపు చూశాడు. కపావ్ కాళ్ల వైపు చూశాడు. మళ్లీ బెంచీ. ఆ బాస అతనికి ఇందాకే, భోజనాల బల్ల దగ్గర నేర్పారు. అతని మొహంలో నెత్తురు దిగిపోయింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పరుపు లేదు. బకెట్టు లేదు. అప్పుడే కడిగిన నేల. ఫినాయిల్ వాసన.

గోడ మూల నుంచి రూర్క్ వచ్చాడు. చొక్కా చేతులు మోచేతి దాకా తడిసి ఉన్నాయి. జడ్జిని చూసి నవ్వాడు.

“అతనికి ఒంట్లో బాగాలేదు మేడమ్. వేరే చోటికి మార్చాం.”

“ఎక్కడికి?”

“అది చెప్పలేను. అతని గోప్యత కాపాడాలి.”

జడ్జి ఫాన్‌షా వైపు తిరిగింది. రూర్క్ కూడా తిరిగాడు. ఫాన్‌షా నల్ల ఫైలు తెరవలేదు. చంకలోంచి తీసి బెంచీ మీద పెట్టబోయాడు. చెయ్యి మధ్యలో ఆగింది. ఫైలు మళ్లీ చంకలోకి పోయింది.

“నేను చెప్తా,” అన్నాడు కపావ్.

“వద్దు,” అన్నాడు ఫాన్‌షా. ఆ గొంతులో బెదిరింపు లేదు. “చెప్పకు. రెండేళ్లు.”

“తెలుసు సార్. రాసుకోండి. ముందు జెట్టీ చెప్తా. తర్వాత ఈ గది.” కపావ్ జడ్జినే చూస్తున్నాడు. “చిన్నోడు ఫోన్ కోసం గొడవ పెట్టాడమ్మా. వాళ్ల అమ్మతో మాట్లాడాలని. ఈ రూర్క్ గారి మనుషులు జెట్టీ మీదికి లాక్కుపోయి నీళ్లలోకి నెట్టారు. ఈత రాదని తెలిసే నెట్టారు. తాడు వెయ్యబోతే నా చెయ్యి పట్టుకున్నారు. వాడు అన్నని పిలిచాడు. ఏదో ముద్దు పేరు పెట్టి పిలిచాడు. రాత్రి భోజనం గంట అప్పుడే కొట్టారు.”

రూర్క్ ఒక అడుగు వేశాడు. జడ్జి చేతికర్ర అడ్డం పెట్టింది.

“పెద్దోడు?” అన్నాడు పొమాట్.

“నేనొచ్చేసరికి తలుపు తీసుంది. ఇద్దరు దుప్పట్లో వేసి మోసుకుపోతున్నారు. చెయ్యి బయటికి వేలాడుతోంది.”

“ఊపిరి ఉందా?”

కపావ్ చేతిలో బూట్లు కొంచెం పైకెత్తి చూపించాడు.

తర్వాత అన్నాడు. అరవలేదు. ఇంట్లో మాట్లాడుకున్నట్టే అన్నాడు.

“తాళం నా మెళ్లో ఉంటే దోమ కూడా దూరదని చెప్పా కదా బావా. ఎవరికన్నా ఇచ్చి రమ్మన్నావు. భోజనానికి.”

పొమాట్ వంగాడు. తన బూటు లేసు పట్టుకున్నాడు. ముడి రాలేదు.

జెట్టీ వైపు పడవ ఇంజన్ అందుకుంది.

అతను ముడి తెంపేశాడు. బూట్లు ఆ గుమ్మం ముందే వదిలేసి, ఒట్టి కాళ్లతో జెట్టీ వైపు పరుగెత్తాడు.